కదలకపోతే నొప్పి లేనట్టేనా?

ఆపరేషన్ ముందు "మత్తు ఇచ్చారు" అని ఒక్క మాటలో చెప్పేస్తాం గానీ, మత్తు డాక్టరు చేసే పని ఒకటి కాదు, మూడు. తెలివి లేకుండా చేయడం ఒకటి, నొప్పి తెలియకుండా చేయడం రెండోది, కండరాలు సడలి ఒళ్ళు కదలకుండా చేయడం మూడోది. ఈ మూడింటికీ మందులు వేరు. ఐసోఫ్లూరేన్, సెవోఫ్లూరేన్ లాంటి వాయువులు తెలివిని పోగొడతాయి. ఫెంటానిల్, మార్ఫిన్ నొప్పిని అణుస్తాయి. పాన్‌క్యూరోనియం, వెక్యూరోనియం లాంటివి కండరాలను మాత్రమే కట్టేస్తాయి. వాటికి నిద్రతో గానీ నొప్పితో గానీ సంబంధం లేదు. 1947లో అమెరికాలో స్కాట్ స్మిత్ అనే మత్తు వైద్యుడు ఈ సంగతి తేల్చడానికి ఆ కోవకే చెందిన క్యూరారే మందును తన ఒంట్లోకే ఎక్కించుకున్నాడు. వేలు కదపలేకపోయాడు, సొంతంగా ఊపిరి తీసుకోలేకపోయాడు, కానీ చుట్టూ జరిగేదంతా తెలుస్తూనే ఉంది, గుచ్చితే నొప్పీ తెలిసింది. అది అచ్చయింది, వైద్యులందరూ చదివారు.

అయినా నెలలు నిండని బిడ్డల దగ్గరికి వచ్చేసరికి 1980ల చివరిదాకా చాలా ఆసుపత్రుల్లో మూడో పని మాత్రమే పూర్తిగా చేసి, మొదటి రెండూ చాలావరకు వదిలేశారు. బిడ్డ కదల్లేదు, ఏడవలేదు, కాబట్టి ఆపరేషన్ సాఫీగా జరిగినట్టే లెక్క. ఇది ఎలా జరిగింది, ఎలా మారింది, మారినదాంట్లో ఇంకా ఎంత మిగిలి ఉంది అన్నది సమీక్షించడం ఈ వ్యాసం పని.

ముందుగా ఆనాటి డాక్టర్ల భయాన్ని సరిగా అర్థం చేసుకోవాలి, ఎందుకంటే వాళ్ళు క్రూరులు కారు. 1950లో లివర్‌పూల్‌కు చెందిన జాక్సన్ రీస్ నవజాత శిశువుల మత్తు గురించి ఒక పద్ధతి ప్రకటించాడు. కొద్దిగా నైట్రస్ ఆక్సైడ్, కండరాలు సడలించే మందు, చేత్తో ఊపిరి అందించడం, అంతే. అంతకుముందు ఈథర్ లాంటివి లోతుగా ఇస్తే ఆ పసిగుండెలు తట్టుకోలేక ఆగిపోయేవి. తర్వాత వచ్చిన హాలోథేన్ కూడా నెలలు నిండని బిడ్డ రక్తపోటును పడగొట్టేది. ఆ గుండె కండరం ఇంకా పచ్చిది. కొట్టుకునే వేగం తగ్గితే ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం తోసి సర్దుకునే శక్తి దానికి లేదు. కాబట్టి తక్కువ మత్తు ఇచ్చిన డాక్టరు బిడ్డను బతికించిన డాక్టరు అయ్యాడు. రీస్ పద్ధతి ఎందరినో బతికించింది, అది నిజం. ఆ తర్వాతి తరం దాన్ని ఇంకా తగ్గించుకుంటూ పోయి, కొన్నిచోట్ల నైట్రస్ ఆక్సైడ్ కూడా తీసేసి, కండరాల మందు ఒక్కదానితో సరిపెట్టింది.

ఆ భయానికి శాస్త్రం పేరుతో ఊతం దొరికింది. 1941లో మర్టల్ మెక్‌గ్రా శిశువులకు గుండుసూది గుచ్చి వాళ్ళ స్పందన నమోదు చేసింది. పుట్టిన కొత్తలో స్పందన మందంగా ఉందని, మెదడు పైపొర ఇంకా పనిలోకి రాలేదని రాసింది. దానికి నాడుల మీద మైలిన్ పొర పూర్తిగా ఏర్పడలేదన్న వాదన తోడైంది. మైలిన్ లేని నాడి నొప్పిని మోయలేదన్నారు. ఈ వాదనలోని పొరపాటు వైద్య విద్యార్థి కూడా పట్టుకోగలిగినది. పెద్దవాళ్ళలో సైతం నొప్పిని చేరవేసే నాడుల్లో ఎక్కువ భాగం మైలిన్ లేనివే. మైలిన్ లేకపోతే కబురు కాస్త నెమ్మదిగా వెళ్తుంది తప్ప ఆగిపోదు, పైగా పసిబిడ్డ ఒంట్లో అది నడవాల్సిన దూరమే చాలా తక్కువ. ఇంత సులువుగా పట్టుబడే తప్పు నలభై ఏళ్ళు నిలిచిందంటే, ఆ సిద్ధాంతం అందరికీ అనుకూలంగా ఉండబట్టేనని నా అభిప్రాయం. నొప్పి లేదని నమ్మితే ప్రమాదకరమైన మందు ఇవ్వనక్కర్లేదు కదా.

ఆ అలవాటు లోకానికి తెలిసింది ఒక తల్లి వల్ల. 1985 ఫిబ్రవరిలో జిల్ లాసన్‌కు 26 వారాలకే జెఫ్రీ అనే కొడుకు పుట్టాడు. వాషింగ్టన్‌లోని ఒక పిల్లల ఆసుపత్రిలో అతనికి పీడీఏ ఆపరేషన్ చేశారు. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ గుండె నుంచి వచ్చే రెండు పెద్ద రక్తనాళాలను కలిపే చిన్న గొట్టం ఒకటి ఉంటుంది. నెలలు నిండి పుడితే అది రెండు మూడు రోజుల్లో మూసుకుపోతుంది. ముందే పుట్టినవాళ్ళలో తెరుచుకునే ఉండి, ఊపిరితిత్తుల్లోకి రక్తం పోటెత్తుతుంది. పక్కటెముకల మధ్య కోసి, వాటిని విడదీసి, ఆ గొట్టాన్ని ముడివేయాలి. జెఫ్రీకి అదంతా పాన్‌క్యూరోనియం ఒక్కదాని మీదే చేశారు. అయిదు వారాల తర్వాత బిడ్డ చనిపోయాడు. ఏ మందులు ఇచ్చారో తల్లికి తర్వాత గానీ తెలియలేదు. ఆమె అడిగితే, నెలలు నిండని బిడ్డకు నొప్పి తెలుస్తుందని ఎవరూ రుజువు చేయలేదన్న జవాబు వచ్చింది. ఆమె ఊరుకోలేదు. ఉత్తరాలు రాసింది, వైద్య పత్రికలకు రాసింది. 1986 ఆగస్టులో వాషింగ్టన్ పోస్ట్ ఆ కథ అచ్చువేసింది. నెలలు తక్కువ బిడ్డల తల్లిదండ్రుల కోసం అంతకుముందే పుస్తకం రాసిన హెలెన్ హారిసన్ కూడా గొంతు కలిపింది. తమ బిడ్డలకూ ఇలాగే జరిగిందేమోనని ఎందరో తల్లులు అడగడం మొదలుపెట్టారు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆక్స్‌ఫర్డ్‌లో ఒక యువ వైద్యుడు అదే ప్రశ్నను రక్తపరీక్షలతో అడుగుతున్నాడు. కన్వల్‌జీత్ ఆనంద్ ఇండోర్ మెడికల్ కాలేజీలో చదివి, రోడ్స్ స్కాలర్‌షిప్ మీద అక్కడికి వెళ్ళాడు. నవజాత శిశువుల ఐసీయూ (ఎన్‌ఐసీయూ)లో పనిచేస్తుండగా, ఆపరేషన్‌కు వెళ్ళేటప్పుడు నిలకడగా ఉన్న బిడ్డలు తిరిగొచ్చేసరికి పాలిపోయి, ఊపిరి అస్తవ్యస్తమై రావడం గమనించాడు. థియేటర్లో వాళ్ళకు ఏమిస్తున్నారో చూస్తే విషయం అర్థమైంది. తర్వాత పీడీఏ ఆపరేషన్‌కు వచ్చిన 16 మంది నెలలు నిండని బిడ్డలను రెండు గుంపులు చేశారు. అందరికీ నైట్రస్ ఆక్సైడ్, క్యూరారే ఇచ్చారు. సగం మందికి అదనంగా కిలోకు 10 మైక్రోగ్రాముల ఫెంటానిల్ ఇచ్చారు. ఫెంటానిల్ అందని బిడ్డల రక్తంలో ఒత్తిడి హార్మోన్లు, చక్కెర, లాక్టేటు ఎక్కువగా ఎగిశాయి. ఆపరేషన్ తర్వాత వెంటిలేటర్ సాయం పెంచాల్సిన అవసరం, రక్తప్రసరణ సమస్యలు వాళ్ళలోనే ఎక్కువ. 1987లో ఈ ఫలితం లాన్సెట్‌లో వచ్చింది. మందు ఇస్తే ప్రమాదమన్న వాదన తలకిందులైంది. ప్రమాదం మందు ఇవ్వకపోవడంలోనే ఉంది.

ఆ ప్రయోగం మీద బ్రిటన్‌లో విమర్శలూ వచ్చాయి. నొప్పిమందు ఇవ్వని గుంపును పెట్టడం నీతి ఎలా అవుతుందని అడిగారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ ఆ గుంపుకు అందింది ఆనాడు అందరికీ అందుతున్న మామూలు వైద్యమే. కోపం రావాల్సింది ఆ ఎనిమిది మంది బిడ్డల మీద చేసిన పరీక్ష గురించి కాదు, పరీక్ష పేరు కూడా లేకుండా అదే అనుభవించిన వేలమంది గురించి. అసలు మత్తు ఇవ్వవచ్చని కూడా కొత్తగా తేలింది కాదు. 1981లోనే శాన్‌ఫ్రాన్సిస్కోలో రాబిన్సన్, గ్రెగరీ అనే ఇద్దరు వైద్యులు నెలలు నిండని బిడ్డల పీడీఏ ఆపరేషన్లలో ఎక్కువ మోతాదు ఫెంటానిల్ వాడి, రక్తపోటు పడిపోకుండా ఆపరేషన్ చేయవచ్చని చూపించారు. జెఫ్రీ పుట్టడానికి నాలుగేళ్ళ ముందు మాట ఇది.

1987లోనే అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ తన వైఖరి ప్రకటించింది. వయసు తక్కువనో, మెదడు ఎదగలేదనో కారణం చూపి మత్తు మానకూడదన్నది దాని సారం. 1992లో ఆనంద్, హికీ అనే మరో వైద్యుడు కలిసి గుండె ఆపరేషన్లకు వచ్చిన 45 మంది నవజాత శిశువుల ఫలితాలు ప్రకటించారు. బలమైన సుఫెంటానిల్ మత్తు ఇచ్చిన 30 మందిలో ఒక్కరూ చనిపోలేదు. హాలోథేన్, మార్ఫిన్‌తో తేలికపాటి మత్తు ఇచ్చిన 15 మందిలో నలుగురు చనిపోయారు. సంఖ్యలు చిన్నవే. కానీ ఆ తర్వాత పెద్ద ఆపరేషన్‌కు నొప్పిమందు లేకుండా బిడ్డను బల్ల మీద పడుకోబెట్టడానికి సమర్థన మిగల్లేదు.

నొప్పి విషయంలో నెలలు నిండని బిడ్డ మనకంటే మొద్దు కాదు, మనకంటే సున్నితం. లండన్‌లో మరియా ఫిట్జెరాల్డ్ 1980ల చివర్లో చేసిన పరిశోధన ఈ విషయంలో నాకు అన్నిటికంటే ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. ఎంత తక్కువ వారాలకు పుడితే అంత చిన్న స్పర్శకే కాలు వెనక్కి లాక్కుంటారని ఆమె బృందం చూసింది. పైనుంచి, అంటే మెదడు నుంచి వెన్నుపాముకు దిగి నొప్పి కబురును తగ్గించే దారులు పెద్దవాళ్ళలో ఉంటాయి. ఈ బిడ్డల్లో అవి ఇంకా తయారు కాలేదు. నొప్పి పైకి వెళ్ళే దారి ఉంది, దాన్ని అణిచే దారి లేదు. రక్తం కోసం మాటిమాటికీ మడమకు సూది గుచ్చిన పాదం, గుచ్చని పాదం కంటే ఎక్కువ సున్నితంగా మారుతుందని, మడమకు ముందే మొద్దుబార్చే క్రీము రాస్తే ఆ తేడా తగ్గుతుందని కూడా ఆమె బృందం చూపింది. అంటే గాయం ఆనాటితో పోవడం లేదు, నాడుల్లో గుర్తుగా ఉండిపోతోంది. 2015లో ఆక్స్‌ఫర్డ్‌లో రెబెకా స్లేటర్ బృందం నిద్రపోతున్న పసిబిడ్డలను ఎంఆర్‌ఐలో పెట్టి చూస్తే, నొప్పికి పెద్దవాళ్ళ మెదడులో వెలిగే 20 ప్రాంతాల్లో 18 ఆ బిడ్డల మెదడులోనూ వెలిగాయి.

సరే, ఇవ్వాలని తేలింది. ఎంత ఇవ్వాలి? అసలు కష్టం ఇక్కడుంది.

మన దగ్గర దొరికే ఫెంటానిల్ ఆంప్యూల్ సాధారణంగా 2 మిల్లీలీటర్లు, అందులో 100 మైక్రోగ్రాముల మందు. 800 గ్రాముల బిడ్డకు కిలోకు 2 మైక్రోగ్రాముల లెక్కన ఇవ్వాల్సింది 1.6 మైక్రోగ్రాములు. అంటే ఆంప్యూల్‌లో ఉన్నది ఉన్నట్టు లాగితే 0.032 మిల్లీలీటరు. సిరంజి మూతి దగ్గర మిగిలిపోయే చుక్కలోనే అంతకంటే ఎక్కువ మందు ఉండవచ్చు. అందుకే పలచన చేయాలి. పలచన చేసేటప్పుడు ఒక దశాంశ బిందువు జరిగితే పదింతలు పడుతుంది. శిశువుల మందుల పొరపాట్లలో ఈ పదింతల తప్పు ప్రపంచమంతటా తెలిసిన శాపం. ఫెంటానిల్ పదింతలు పడితే, ఒక్కోసారి సరైన మోతాదే మరీ వేగంగా పడినా, ఛాతీ కండరాలు బిగుసుకుపోయి వెంటిలేటర్ కూడా గాలి తోయలేని స్థితి వస్తుంది. మందు వెళ్ళాక నరంలో పెట్టిన సన్నని గొట్టం (కాన్యులా)లో మిగిలింది లోపలికి పోవడానికి తోసే సెలైన్ కూడా లెక్కలోకి రావాలి, ఎందుకంటే ఆ బిడ్డ ఒంట్లో ఉన్న మొత్తం రక్తం ఒక చిన్న టీ గ్లాసెడు, 80 మిల్లీలీటర్ల లోపు. అందుకే మందు కలిపేది ఒకరు, లెక్క సరిచూసేది ఇంకొకరు, సిరంజి మీద రాసిన చీటీ చదివేది మూడోవారు అయిన ఎన్‌ఐసీయూని నేను నమ్ముతాను. ఖరీదైన యంత్రాల కంటే ఆ అలవాటే బిడ్డను కాపాడుతుంది.

లోపలికి వెళ్ళిన మందు బయటికి ఎలా పోతుందన్నది ఇంకో కథ. 1950లలో నెలలు నిండని బిడ్డలకు క్లోరాంఫెనికాల్ అనే యాంటీబయాటిక్ ఇస్తే, వాళ్ళు బూడిదరంగుకు తిరిగి చనిపోయేవారు. 1959లో ఆ మందే కారణమని తేలింది. ఆ మందుకు ఒక చక్కెర అణువును తగిలించి బయటికి పంపే పని కాలేయం ఇంకా నేర్చుకోలేదు. పెద్దవాళ్ళ లెక్కన ఇచ్చిన మోతాదు లోపలే పేరుకుపోయింది. మార్ఫిన్ కూడా చాలావరకు అదే దారిన బయటికి పోవాలి. పెద్దవాళ్ళ ఒంట్లో మార్ఫిన్ సగానికి తగ్గడానికి సుమారు 2 గంటలు పడితే, నెలలు నిండి పుట్టిన బిడ్డకు ఆరున్నర గంటలు, నెలలు నిండని బిడ్డకు 9 గంటల దాకా పడుతుంది. నాలుగు గంటలకోసారి అన్న పెద్దవాళ్ళ లెక్క ఇక్కడ పనికిరాదు. ఫెంటానిల్‌ను కాలేయం కరిగిస్తుంది గానీ, కాలేయానికి రక్తం సరిగా అందాలి. పొట్ట ఉబ్బి లోపలి ఒత్తిడి పెరిగిన బిడ్డలో, పేగు చచ్చుబడే ఎన్‌ఈసీ జబ్బుకు ఆపరేషన్ చేయించుకుంటున్న బిడ్డలో, అది కూడా నిలిచిపోతుంది. రెమిఫెంటానిల్ ఒక్కటి భిన్నం. అది రక్తంలో, కణజాలంలో ఉండే ఎంజైములతో కరుగుతుంది, ఆ ఎంజైములు ముందే పుట్టిన బిడ్డలో కూడా పూర్తిగా పనిచేస్తాయి. పంపు ఆపిన కొద్ది నిమిషాల్లో మందు ప్రభావం పోతుంది. అదే దాని లోపం కూడా. ఆపరేషన్ అయిపోయిన వెంటనే బిడ్డకు నొప్పిమందు ఏదీ లేనట్టే.

మత్తు వాయువుల సంగతి కూడా వారాల మీదే ఆధారపడుతుంది. 32 వారాల లోపు పుట్టిన బిడ్డకు నెలలు నిండిన బిడ్డ కంటే తక్కువ ఐసోఫ్లూరేన్ చాలు. పుట్టిన తర్వాత ఒకటి నుంచి ఆరు నెలల మధ్య ఆ అవసరం జీవితంలోకెల్లా గరిష్ఠానికి చేరుతుంది. వెన్నులోనో నాడి చుట్టూనో ఇచ్చే బుపివకైన్ లాంటి మందులకు రక్తంలో అంటుకునే ప్రొటీన్ ఈ బిడ్డల్లో తక్కువ కాబట్టి, విడిగా తిరిగే మందు ఎక్కువ, గుండెకు ప్రమాదం ఎక్కువ. నిద్రకు ఇచ్చే మిడజోలామ్ నెలలు నిండని బిడ్డల్లో మెదడుకు మేలు చేస్తుందన్న ఆధారం లేదు, హాని చేసిందేమోనన్న సూచనలు 1999లోనే ఒక చిన్న పరిశోధనలో వచ్చాయి. పైగా అది నొప్పిని తగ్గించదు. నిద్రపుచ్చి నొప్పిని వదిలేయడం, కండరాలు కట్టేసి నొప్పిని వదిలేయడం కంటే పెద్ద మెరుగేమీ కాదు.

మందుతో పాటు మందు కలిపిన నీళ్ళనూ చూడాలి. 1982లో అమెరికాలో సెలైన్‌లో నిల్వ కోసం కలిపిన బెంజైల్ ఆల్కహాల్ నెలలు నిండని బిడ్డల ఒంట్లో పేరుకుపోయి, ఊపిరికి ఎగపోస్తూ కొందరు చనిపోయారు. అక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అప్పట్నుంచీ ఆ రసాయనం ఉన్న సీసాలు పసిబిడ్డలకు వాడవద్దంటోంది. సీసా మీద చిన్న అక్షరాల్లో రాసేది అందుకే చదవాలి.

ఇవ్వకపోవడం తప్పని తేలిన పదేళ్ళకు ఎదురు భయం పుట్టింది. 1999లో, తర్వాత 2003లో, ఎలుక పిల్లలకు మత్తుమందులు గంటల తరబడి ఇస్తే ఎదుగుతున్న మెదడు కణాలు పెద్ద సంఖ్యలో చచ్చిపోతున్నాయని, పెద్దయ్యాక వాటి జ్ఞాపకశక్తి తగ్గుతోందని తేలింది. 2016 డిసెంబరులో ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీ చేసింది. మూడేళ్ళ లోపు పిల్లలకు మూడు గంటలు దాటి గానీ, మళ్ళీమళ్ళీ గానీ మత్తు ఇవ్వాల్సి వస్తే ఆలోచించమంది. దీనికి మనుషుల్లో జవాబు వెతికిన పెద్ద పరిశోధన జీఏఎస్. ఏడు దేశాల్లో, 28 ఆసుపత్రుల్లో, గజ్జల్లో హెర్నియా ఆపరేషన్‌కు వచ్చిన 722 మంది పసిబిడ్డల్లో సగం మందికి సెవోఫ్లూరేన్ మత్తు, సగం మందికి మెలకువగానే వెన్నులో మందు ఇచ్చారు. రెండేళ్ళకు చూశారు, అయిదేళ్ళకు చూశారు. 2019లో వచ్చిన చివరి ఫలితంలో తెలివితేటల్లో తేడా లేదు. అయితే వాళ్ళకు మత్తు పట్టింది గంట లోపే. అయిదు గంటల పేగు ఆపరేషన్‌కు, మూడోసారి, నాలుగోసారి థియేటర్‌కు వెళ్ళే బిడ్డకు ఈ జవాబు వర్తించదు. అలాంటి బిడ్డ మెదడుకు ఏదైనా లోపం వస్తే, కారణం మత్తుమందా, రక్తపోటు పడిపోవడమా, జబ్బా, ముందే పుట్టడమా అని విడదీయడం చాలా కష్టం.

ఈ కొత్త భయం పాత అలవాటుకు సాకు కాకూడదన్నది నా గట్టి అభిప్రాయం. ఎలుకల్లో మత్తుమందు మెదడుకు హాని చేస్తుందని చూపిన శాస్త్రమే, మందులేని నొప్పి కూడా ఎదిగే నాడులను మార్చేస్తుందని చూపుతోంది. అలాగని ఎడాపెడా మందు పోయడమూ జవాబు కాదు. 2004లో వచ్చిన నియోపెయిన్ పరిశోధనలో వెంటిలేటర్ మీదున్న 898 మంది నెలలు నిండని బిడ్డల్లో కొందరికి ముందు జాగ్రత్తగా నిరంతరం మార్ఫిన్ ఎక్కించారు. మెదడులో రక్తస్రావం తగ్గలేదు, మరణాలు తగ్గలేదు, రక్తపోటు మాత్రం ఎక్కువ మందిలో పడిపోయింది. ఆపరేషన్ ఒకటి, కేవలం వెంటిలేటర్ మీద ఉండటం ఒకటి. మొదటిదానికి బలమైన మందు కావాలి. రెండోదానికి అవసరం వచ్చినప్పుడు, కొలిచి, తక్కువగా. ముఖ కవళికలు, గుండె వేగం, ఆక్సిజన్ శాతం చూసి నొప్పికి అంకె వేసే పీఐపీపీ లాంటి పట్టికలు 1990ల నుంచి ఉన్నాయి. కండరాలు సడలించిన బిడ్డ ముఖంలో మాత్రం ఏమీ కనిపించదు కాబట్టి, ఆ మందు వాడిన ప్రతిచోటా నొప్పిమందు ముందే వెళ్ళి ఉండాలి, తర్వాత చూద్దాం అనడానికి వీల్లేదు.

ఈలోగా కత్తి అవసరమే తగ్గుతూ వచ్చింది. 1976లో ఇండోమెథాసిన్ పీడీఏ గొట్టాన్ని మూసేస్తుందని తేలింది, తర్వాత ఐబుప్రోఫెన్ వచ్చింది, 2011లో మన ఇళ్ళలో ఉండే పారసెటమాల్ కూడా ఆ పని చేస్తుందని ఇజ్రాయెల్ వైద్యులు చూశారు. 2019లో 700 గ్రాముల బిడ్డకు కూడా తొడ దగ్గరి రక్తనాళం గుండా పంపి గొట్టాన్ని మూసే చిన్న పరికరానికి అమెరికాలో అనుమతి దొరికింది. చాలా సందర్భాల్లో ఆ గొట్టాన్ని అలాగే వదిలేసినా ఫర్వాలేదని ఇప్పుడు కొందరు వాదిస్తున్నారు. జెఫ్రీ లాసన్‌కు చేసిన ఆపరేషన్ ఈనాడు చాలామంది బిడ్డలకు అసలు చేయనక్కర్లేదు.

మన దేశంలో ఈ చర్చ ఎక్కువగా జరగాల్సింది కంటి దగ్గర. 2020లో ప్రపంచంలో 1 కోటి 34 లక్షల మంది నెలలు నిండకుండా పుడితే, అందులో 30 లక్షల మంది భారతదేశంలోనే పుట్టారు. వీళ్ళలో కొందరికి కంటి వెనక తెరలో రక్తనాళాలు అడ్డదిడ్డంగా పెరిగే ఆర్‌ఓపీ వస్తుంది. సకాలంలో లేజర్ చేయకపోతే చూపు పోతుంది. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి వైద్యులు 1990ల చివరి నుంచి జంటనగరాల ఎన్‌ఐసీయూలకే వెళ్ళి ఈ బిడ్డలను పరీక్షించడం మొదలుపెట్టారు. ఎందరి చూపో దానివల్ల నిలిచింది. మన దేశంలో చాలాచోట్ల లేజర్ బిడ్డ పడక దగ్గరే, కంట్లో మొద్దుబార్చే ప్రొపరకైన్ చుక్కలు వేసి చేస్తారు. రెప్పలు విప్పి ఉంచే తీగ పెట్టి, కనుగుడ్డును తిప్పుతూ, రెండు కళ్ళకూ కలిపి గంట దాటి చేయాల్సి రావచ్చు. ఆ చుక్కలు కంటి పైపొరను మొద్దుబారుస్తాయి, లోపలి నొక్కుడు నొప్పిని కాదు. పూర్తి మత్తు ఇస్తే బిడ్డను వెంటిలేటర్ మీద పెట్టాలి, తర్వాత తీయడం కష్టం కావచ్చు, మత్తు డాక్టరు దొరకకపోవచ్చు, ఈలోగా వారం ఆలస్యమైతే కన్ను పోతుంది. కంటి వైద్యుల ఈ వాదన నాకు అర్థమవుతుంది. అయినా చుక్కలు ఒక్కటే చాలు అనడం ఒప్పుకోలేను. పంచదార నీళ్ళు, గుడ్డలో చుట్టి పట్టుకోవడం, పారసెటమాల్, వీలైనచోట కొద్దిపాటి ఫెంటానిల్, పక్కనే ఊపిరి చూసే పిల్లల డాక్టరు, ఇవన్నీ అందుబాటులో ఉన్నవే. 2011 తర్వాత కొన్ని రకాల ఆర్‌ఓపీకి కంట్లో బెవసిజుమాబ్ లాంటి సూది కూడా వచ్చింది. గంట పని నిమిషాల్లో అవుతుంది, కానీ జబ్బు తిరగబెట్టవచ్చు కాబట్టి నెలల తరబడి పరీక్షలకు రావాలి. ఊరు దూరమైన కుటుంబానికి అది చిన్న షరతు కాదు. కంటిపాప విప్పడానికి వేసే ఫినైలెఫ్రిన్ చుక్కలు కూడా 10 శాతం ఉన్నవి కాకుండా 2.5 శాతం ఉన్నవే వేయాలి. ఆ చుక్కే ఈ బిడ్డ రక్తపోటును ఎగదోయగలదు.

జిల్లా ఆసుపత్రుల్లో ఇంకో చిక్కు కాగితాలది. మార్ఫిన్, ఫెంటానిల్ మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తాయి. ఒక్కో రాష్ట్రంలో ఒక్కో లైసెన్సు ఉండటంతో చాలా ఆసుపత్రులు అసలు తెప్పించుకోవడమే మానేశాయి. 2014లో కేంద్రం ఆ చట్టాన్ని సవరించి, వైద్యానికి తప్పనిసరైన మాదక ఔషధాలను ఒకే పద్ధతి కిందికి తెచ్చింది. చట్టం సులువైనా బీరువాలో మందు ఉందా లేదా అన్నది ఆ ఆసుపత్రిలో ఒకరు పట్టించుకున్నారా లేదా అన్నదాని మీదే ఉంటుంది.

చివరిగా, ఎక్కువమంది తల్లిదండ్రులు ఎదుర్కొనేది పెద్ద ఆపరేషన్ కాదు, హెర్నియా. ముందే పుట్టిన మగపిల్లల్లో అది బాగా ఎక్కువ. ఎన్‌ఐసీయూ నుంచి ఇంటికి వచ్చి, బరువు పెరిగి, చూడటానికి మామూలు బిడ్డలా ఉన్నాక చేయిస్తారు. కానీ మత్తు తర్వాత ఈ బిడ్డలకు ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంటుంది, ఆపరేషన్ అయిన కొన్ని గంటలకు కూడా. 1995లో చార్లెస్ కోటె బృందం పాత పరిశోధనలన్నీ కలిపి చూసి, ఎన్ని వారాలకు పుట్టాడు, గర్భం మొదలైన దగ్గర్నుంచి ఇప్పటికి ఎన్ని వారాలయ్యాయి, రక్తం తక్కువగా ఉందా, ఇంట్లో ఇంకా ఊపిరి ఆగుతోందా అన్న నాలుగింటి మీద ఈ ప్రమాదం ఆధారపడుతుందని తేల్చింది. వెన్నులో మందు ఇచ్చి మెలకువగానే చేసే పద్ధతి అమెరికాలోని వెర్మాంట్‌లో 1980ల నుంచి ఉంది, అది ఆపరేషన్ అయిన తొలి అరగంటలో ఈ ప్రమాదాన్ని తగ్గిస్తుంది. నరానికి కెఫీన్ ఇవ్వడం ఇంకో రక్షణ. 2024లో అమెరికాలో 39 ఆసుపత్రుల్లో జరిగిన పరిశోధన ఫలితం వచ్చింది. ఇంటికి వెళ్ళకముందే హెర్నియా ఆపరేషన్ చేసిన బిడ్డల్లో 28 శాతం మందికి తీవ్రమైన ఇబ్బందులు వస్తే, గర్భం మొదలైన దగ్గర్నుంచి లెక్కిస్తే 55 వారాలు దాటేదాకా ఆగిన గుంపులో అది 18 శాతమే.

కాబట్టి మూడు నెలల బాబును హెర్నియాకు ఊళ్ళోని నర్సింగ్‌హోమ్‌కు తీసుకెళ్ళే తల్లి, ఎన్‌ఐసీయూ ఇచ్చిన డిశ్చార్జ్ సమ్మరీ వెంట తీసుకెళ్ళాలి. ఎన్ని వారాలకు పుట్టాడో, వెంటిలేటర్ మీద ఎన్ని రోజులున్నాడో, కెఫీన్ ఎప్పుడు ఆపారో అందులో ఉంటుంది. సర్జన్‌కు చెప్పాం కదా అని ఊరుకోకుండా మత్తు డాక్టరుకు విడిగా చూపించాలి. ఆపరేషన్ తర్వాత ఆ రాత్రి ఊపిరి చూసే మానిటర్ మీద బిడ్డను ఉంచుతారా అని అడగాలి. ఆ మానిటర్ లేకపోతే, ఆ ఆపరేషన్ అది ఉన్న ఊళ్ళో చేయించాలి.